పిలవకుండా విన్న మాట

ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "పనేమిటి?" అని.

"వినడం, అత్తయ్యా," అంది ఆమె.

"వినడానికి కూడా జీతమిస్తారా? ఆ లెక్కన మీ మామగారి మాటలు జన్మంతా విన్నాను. నాకు ఈపాటికి పెన్షన్ రావాలి."

ఆమె చదివింది లెక్కలు. పెళ్ళికి ముందు ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. నెలలు నిండకుండా పుట్టిన కూతురు పిచ్చుకంత ఉంటే, ఆ పిల్లని బతికించుకోవడానికి ఉద్యోగం మానేసింది. పిల్ల కోలుకుంది, బడికి వెళ్ళింది. పిచ్చుక అనే పేరు మాత్రం ఇంట్లో ఉండిపోయింది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుందామని బయలుదేరేసరికి ఆమె నేర్చినదంతా పాతబడిపోయింది. ఇంటర్వ్యూల్లో తనకంటే చిన్నవాళ్ళు ఆమె కాగితాలు తిరగేసి, మధ్యలో ఉన్న ఖాళీ దగ్గర ఆగి, మర్యాదగా నవ్వేవాళ్ళు. ఆ నవ్వు తర్వాత ఎవరూ ఫోను చేయరని ఆమెకు త్వరలోనే తెలిసొచ్చింది.

చివరికి దొరికింది ఈ వినే పని. ఇళ్ళలో పెట్టుకునే మాట్లాడే యంత్రాన్ని తయారుచేసే కంపెనీ అది. గుప్పెడంత డబ్బా. దాని పేరు నేస్తం. "నేస్తం, లైటు ఆర్పు" అంటే ఆర్పుతుంది. "నేస్తం, రేపు వాన పడుతుందా" అంటే చెబుతుంది. పేరు పెట్టి పిలిస్తేనే మేలుకుంటుందని, లేకపోతే నిద్రపోతున్నట్టేనని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. విన్న మాటల్ని అది సరిగా అర్థం చేసుకుంటోందో లేదో చూడటానికి కంపెనీలో ఒక పెద్ద హాలు నిండా మనుషులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. చెవిలో ఒక ముక్క వినబడుతుంది. విన్నది టైపు చేయాలి. మగ, ఆడ, పిల్ల, టీవీ అని గుర్తు పెట్టాలి. ఆ వెంటనే ఇంకో ముక్క. ఎవరి గొంతో తెలియకుండా కొంచెం మార్చి ఇచ్చేవాళ్ళు. అందుకని ఆ హెడ్‌ఫోన్లలో లోకమంతా జలుబు చేసినట్టు మాట్లాడేది.

మొదటి వారంలోనే ఆమె నిర్ఘాంతపోయింది. జనం నేస్తాన్ని పిలిచి అడిగేవి కొన్నే. పిలవకుండానే అది పొరపాటున మేలుకుని విన్నవి బోలెడు. ఒకాయన స్నానం చేస్తూ తన ఆఫీసరుని తిట్టుకుంటున్నాడు. ఒక పిల్ల బొమ్మకి ఎక్కాలు నేర్పి, తప్పు చెప్పిందని చెంప మీద ఒకటి వేసింది. ఒకావిడ ఎవరితోనో ఫోనులో, "ఇంక ఈ ఇంట్లో ఉండలేనే" అని ఏడుస్తోంది. అంతలోనే గొంతు సర్దుకుని, "వస్తున్నానండీ, వడ్డిస్తున్నా" అంది. ఆ ముక్క దగ్గర ఆమె హెడ్‌ఫోన్లు తీసేసి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఈవిడ నేస్తాన్ని పిలవలేదు."

"పిలవలేదని గుర్తు పెట్టండి. దానికో బటన్ ఉంది కదా."

"మనం విన్నామని ఆవిడకి తెలుసా?"

"ఆవిడెవరో మనకి తెలీదు, మనమెవరో ఆవిడకి తెలీదు. లెక్క సరిపోయింది. వెళ్ళి కూర్చోండమ్మా."

ఆమె వెళ్ళి కూర్చుంది. చేతికి కాయ కాసినట్టే చెవికీ కాస్తుంది. కొన్నాళ్ళకి ఎవరి ఏడుపునైనా అక్షరం పొల్లుపోకుండా టైపు చేయడం అలవాటైపోయింది.

కాకపోతే, అందరిలా బటన్ నొక్కి ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. ఏ మాట విని ఈ డబ్బా తనని పిలిచారనుకుంటోంది? అదే బుర్రని తొలిచేది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళితే, తను క్యారేజీ పక్కన పెట్టుకుని, మరిచిపోయిన చదువు దుమ్ము దులుపుకుంటూ, పొరపాటు మేలుకోళ్ళన్నీ ఒకదానితో ఒకటి పోల్చి చూసింది. చివరికి దొంగ దొరికింది. "అస్తమానం" అనే మాట. "నీకు అస్తమానం తొందరే" అని ఎవరైనా విసుక్కుంటే, డబ్బాకి అందులో తన పేరు వినబడుతోంది. అస్తమానం విసుక్కునే ఇళ్ళలో అది అస్తమానం మేలుకునే ఉంటోంది. ఈ సంగతి ఆమె మీటింగులో చూపించినప్పుడు గదిలో అందరూ నవ్వారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు.

డైరెక్టరు ఆ కంపెనీలో అంత పైకి వెళ్ళిన ఒకే ఒక ఆడమనిషి. ఎంతమందిని తోసుకుని వెళ్ళాల్సివచ్చిందో ఆవిడ మోచేతులకే తెలుసు. "మిమ్మల్ని హాల్లో ఎవరు కూర్చోబెట్టారు?" అని అడిగి, ఆమెని ఇంజినీర్ల అంతస్తుకి తీసుకొచ్చుకుంది. అక్కడ మొదటిరోజు ఒక ఇంజినీరు ఆమెని చూసి, "కాఫీ మిషన్ పనిచేయట్లేదు, కాస్త చూడమ్మా" అన్నాడు. ఆమె చూసింది. ఇరుక్కున్న గొట్టం సరిచేసి, ఒక కప్పు పట్టి అతనికి ఇచ్చి, అతని పక్క కుర్చీలోనే కూర్చుని కంప్యూటర్ తెరిచింది. పాపం, ఆ కాఫీ అతని గొంతు దిగలేదు.

కొన్నేళ్ళలో పొరపాటు మేలుకోళ్ళని తగ్గించే జట్టుకి ఆమే లీడరైంది. "అస్తమానం"కి మేలుకోవడం చాలా తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు. ఆ ఏడు కంపెనీ జట్టులో అందరికీ తలా ఒక కొత్త నేస్తాన్ని కానుకగా ఇచ్చింది. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి, ముందుగదిలో అత్తగారి కుట్టుమిషను పక్కన ఉన్న అలమారలో పెట్టింది.

ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "మావాడు మనుషుల్ని పైకి పంపే పని చేస్తాడు. ఇంతవరకు అందరూ తిరిగొచ్చారు," అని చెప్పుకునేవారు అత్తగారు. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకే మాట్లాడుకోవడం ఆవిడకి అలవాటు. తెగిన దారంతో, మొండికేసిన మిషనుతో, పోయిన మామగారితో. కోడలికి "ఇంజినీరమ్మ" అని పేరు పెట్టిందీ ఆవిడే. మొదట్లో అందులో వెటకారం ఉండేది. వెటకారం ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు, పేరు మిగిలింది. తన ఉద్యోగం అత్తగారికి ఇష్టమో కాదో ఆమెకు ఎప్పుడూ తేలలేదు. ఆమె అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

లీడరైనా, పొరపాటున విన్న ముక్కలు కొన్ని ప్రతి వారం తనే స్వయంగా వినేది ఆమె. ఆ రోజు పొద్దున్న కూడా అలాగే కూర్చుంది. ఏదో ముక్క వచ్చింది. టకటకమని ఒక చప్పుడు, దాని వెనక జలుబు గొంతుతో ఒక ముసలావిడ.

"నీకు అస్తమానం తొందరే. నిన్ను రమ్మన్నానా? నాకింకా పని ఉంది. గడ్డా? తగ్గలేదయ్యా. మొన్నటికంటే పెద్దదయింది, చంక కిందికి తెలుస్తోంది. చెప్తే ఏమవుతుంది, ఇంజినీరమ్మ ఉద్యోగం మానేసి నా మంచం పక్కన కూర్చుంటుంది. పిచ్చుకప్పుడు ఒకసారి మానేసింది, చాలు. రెండోసారి మానేస్తే ఇంక దాన్ని గడప తొక్కనివ్వరు. ఎంత కష్టపడి ఎక్కిందో నేను చూడలేదా? పోనీ, నేను చెప్పను. నువ్వు కూడా ఊరుకో."

ఆమె వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. మాటలన్నీ టైపు చేశాయి. "ఆడ, పెద్ద వయసు" అని గుర్తు పెట్టాయి. "యంత్రాన్ని పిలవలేదు" అనే బటన్ కూడా నొక్కాయి. ఆ తర్వాతే ఆమె తను టైపు చేసినదాన్ని చూసింది. "పిచ్చుక" అన్న మాట దగ్గర చూపు ఆగింది.

మళ్ళీ వింది. టకటక చప్పుడులో మధ్య మధ్య ఒక దెబ్బ తప్పుతోంది. ఆ మిషను పెడలు బెల్టు సాగిపోయి అలా తప్పుతుందని, కొత్తది తెస్తానని తను ఎన్నాళ్ళనుంచో అంటోంది.

చుట్టూ జట్టువాళ్ళు ఎప్పటిలాగే పనిచేసుకుంటున్నారు. పక్క సీటు అమ్మాయి ఏదో అడిగింది, పెదవులు కదలడం కనబడింది గానీ మాట వినబడలేదు. తెలిసినవాళ్ళ గొంతు వస్తే వెంటనే ఆపేసి పైవాళ్ళకి చెప్పాలని, విన్నది గడప దాటకూడదని చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటారు. ఆమెకు అదేమీ గుర్తు రాలేదు. సంచీ తీసుకుని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు నీలం గుడ్డకి జేబులు కుడుతున్నారు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా అలమార దగ్గరికి వెళ్ళి నేస్తం వైరు లాగేసింది.

"ఏమైంది, ఈవేళప్పుడు వచ్చావేం? ఒంట్లో బాగోలేదా?"

"అత్తయ్యా, గడ్డ ఎక్కడ?"

మిషను ఆగిపోయింది. అత్తగారి చేయి తనకి తెలియకుండానే జాకెట్టు మీదికి వెళ్ళి, అక్కడినుంచి దిగి ఒళ్ళో పడింది.

"నీకెవరు చెప్పారు?"

"మీరే."

"నేనా? నేనెవరికీ చెప్పలేదు. కన్నకొడుక్కే చెప్పలేదు."

"మామయ్యగారితో చెప్పారు. ఇది వింది. నా దగ్గరికి వచ్చింది."

అత్తగారికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. డబ్బా వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూశారు. రోగం సంగతి బయటపడిందన్న బెంగ ఆ ముఖంలో లేదు. నడివీధిలో కొంగు జారిన మనిషిలా ఉన్నారు.

"గోడలకి చెవులుంటాయని మా అమ్మ చెప్పేది," అన్నారు నెమ్మదిగా. "ఆ చెవులు నువ్వే తెచ్చి నా పక్కన పెట్టావన్నమాట."

ఆమె లాగేసిన వైరుని చేతికి చుట్టుకుంది.

"ఇంకేం విన్నావు?"

"ఇంతే, అత్తయ్యా."

"నువ్వు కాక ఇంకెవరు విన్నారు?"

"తెలీదు."

"మొదట్నుంచీ ఇదేనా నువ్వు చేసే పని? వినడం అంటే ఇదా?"

"ఇదే."

అత్తగారు లేచారు. "బయటికి పద. ఈ ఇంట్లో నేను మాట్లాడను."

వైరు తీసేశానని, ఇంక అది వినలేదని ఆమె ఎంత చెప్పినా ఆవిడ ఆగలేదు. ఇద్దరూ మెట్లు దిగి వీధి చివర బస్‌స్టాపు బల్ల మీద కూర్చున్నారు. బస్సులు వచ్చి పోతున్నాయి. ఆ హోరులో, ఎవరికీ వినబడదని నమ్మకం కుదిరాక, గడ్డ ఎప్పుడు చేతికి తగిలిందో, ఎలా పెరిగిందో అత్తగారు చెప్పారు. చెప్పినంతసేపూ కోడలి ముఖం వైపు చూడలేదు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళారు. విషయం విన్న భర్త పని బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. "నాకైనా చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

"నీకు చెప్తే దానికి చెప్పినట్టే. నీ కడుపులో మాట ఆగుతుందా? నీ లిఫ్టులాగే, ఎవరు మీట నొక్కితే వాళ్ళ ముందు తెరుచుకుంటావు."

పరీక్షల్లో అది క్యాన్సరే అని తేలింది. ఒంట్లో వేరేచోటికి పాకలేదు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే తను చెప్పే మాట వేరేగా ఉండేదని అంది డాక్టరు. ఆపరేషను జరిగింది. పిచ్చుక బడినుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి నానమ్మ మంచం మీద హోంవర్కు చేసుకునేది.

అత్తగారు ఇంటికొచ్చి కుదురుకున్నాక ఆమె ఆఫీసుకి వెళ్ళి డైరెక్టరుకి జరిగిందంతా చెప్పేసింది. విన్నమాట గడప దాటించాను, ఉద్యోగం తీసేస్తే తీసేయండి అంది. డైరెక్టరు కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి వచ్చి ఆమె భుజం చుట్టూ చేయి వేసింది. "మీరు చేసిందే రైటు. మిమ్మల్ని ఎవరూ తీసేయరు, నేనున్నాను" అంది. ఆమె గుండెల మీంచి బండ దిగింది.

వారం తిరిగాక మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి పెద్ద మీటింగు గది. బల్ల చుట్టూ ఆమెకి తెలియని మనుషులు, ప్రచారం చూసేవాళ్ళట. గోడ మీద తెర. తెర మీద ఒక ముసలావిడ బొమ్మ, పక్కన నేస్తం, కింద పెద్ద అక్షరాలు: "ఎవరికీ చెప్పనిది నేస్తం విన్నది."

"కూర్చోండి," అంది డైరెక్టరు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "మీ అత్తగారి కథ ఫిల్ముగా తీస్తున్నాం. ఆడవాళ్ళు తయారుచేసిన యంత్రం ఒక ఆడమనిషి ప్రాణం కాపాడింది. ఇంతకంటే ఏం కావాలి? మీరే అందులో మాట్లాడతారు. ఈ విభాగం మొత్తానికీ హెడ్‌గా మీ పేరు పంపించాను కూడా."

ఆమె ఏదో అనబోయేలోగా ప్రచారం మనిషి మీట నొక్కాడు. "మార్చిన గొంతు తీసేసి అసలు గొంతు బయటికి తెచ్చాం. చాలా బాగా వచ్చింది, వినండి."

టకటక. మధ్యలో తప్పిన దెబ్బ. ఆ తర్వాత జలుబు లేని, అసలు సిసలు అత్తగారి గొంతు, గోడల్లోని స్పీకర్లలోంచి గది నిండా. చంక కిందికి తెలుస్తోంది, అంటోంది ఆ గొంతు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపుతూ వింటున్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"ఇంజినీరమ్మ," అన్నాడు ప్రచారం మనిషి మెచ్చుకోలుగా. "ఎంత బాగుందండీ. అదే టైటిల్ పెట్టేద్దాం."

కన్నకొడుక్కి కూడా చెప్పని మాటని, పేరు తెలియని మనుషులు కాఫీ తాగుతూ వింటున్నారు. ఆమె ఆపమని చెప్పాలనుకుంది, చెప్పలేదు. ముక్క మొత్తం అయ్యేదాకా అలాగే కూర్చుంది. చివరికి, "మా అత్తగారిని అడగాలి" అని మాత్రం అనగలిగింది.

"తప్పకుండా," అంది డైరెక్టరు. "ఒప్పించే పూచీ మీదే."

ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని విన్నారు. ఆపరేషను అయ్యాక ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుంటున్నారు గానీ, పైకి మాట్లాడుకోవడం మానేశారు. పక్కగదిలోకి ఇప్పుడు మిషను చప్పుడు ఒక్కటే వస్తోంది. నేస్తాన్ని ఏనాడో చెత్తబుట్టలో పారేసినా ఆ మాటలు తిరిగి రాలేదు. ఆమెకి అది వినలేనంత కష్టంగా ఉండేది.

"దొంగవెధవ ఇంట్లో దూరి, పోతూ పోతూ మండుతున్న పొయ్యి ఆర్పి పోయాడనుకో," అన్నారు అత్తగారు. "ఇల్లు కాలకుండా కాపాడాడని దండ వేసి ఊరేగిస్తామా? నేను బతికాను, సంతోషమే. అంతమాత్రాన వాడు దొంగ కాకుండా పోడు. అయినా ఉద్యోగం నీది. నోరూ నీదే. ఏం చెప్తావో నీ ఇష్టం."

మర్నాడు ఆమె డైరెక్టరు గదికి వెళ్ళి నిలబడే మాట్లాడింది. ఫిల్ము వద్దంది. ఆ ముక్కని చెరిపేయమంది. ఇక మీదట ఏ ఇంటి మాటైనా మనుషులు వినాలంటే, ముందు నేస్తమే నోరు తెరిచి ఆ ఇంటివాళ్ళని అడగాలంది.

డైరెక్టరు ముందున్న కంప్యూటర్ మూసేసింది. తర్వాత, కోపం లేకుండానే అడిగింది. "మీరు ఇక్కడ చేరిన రోజునుంచీ వింటూనే ఉన్నారు కదా. అవీ ఎవరో ఒకరి అత్తగార్ల మాటలే కదా. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?"

ఆ దెబ్బ ఆమె ఊహించలేదు. ఫోనులో ఏడ్చి, గొంతు సర్దుకుని వడ్డించడానికి వెళ్ళిన ఆవిడ కళ్ళముందు మెదిలింది. ఆ ముక్క తర్వాత ఆవిడ ఏమైందో తను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"అది మా ఇల్లు కాదు కాబట్టి," అంది.

అంతకంటే నిజం ఆమె దగ్గర లేదు. ఆ వారంలోనే రాజీనామా ఇచ్చేసింది.

అత్తగారు ఏదైతే జరుగుతుందని భయపడి నోరు కట్టేసుకున్నారో, అదే జరిగింది. ఆమె కాగితాల్లో రెండో ఖాళీ పడింది. ఒకరోజు పిచ్చుకకి బూట్లు కొనడానికి బజారుకి వెళితే, దుకాణం పైన పెద్ద తెర మీద ఫిల్ము వస్తోంది. ఎవరో నటి, తెల్ల జుట్టు పెట్టుకుని, నేస్తం పక్కన కూర్చుని, కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. కుట్టుమిషను లేదు. కోడలు బదులు కూతురు. మాటలు కూడా వేరే. కథ మాత్రం అదే. ఆమె నడిరోడ్డు మీద నిలబడిపోతే పిచ్చుక చేయి పట్టి పక్కకి లాగింది.

"అమ్మా, అది మన నానమ్మేనా?"

"కాదు," అంది ఆమె. "నానమ్మని అడిగితే వద్దంది కదా. అందుకని అడగక్కర్లేని నానమ్మని తయారుచేసుకున్నారు."

ఈసారి ఇంటర్వ్యూల్లో ఖాళీ దగ్గర నవ్వినవాళ్ళకి ఆమె దాచకుండా చెప్పేది. చాలామంది ఆ తర్వాత మాట మార్చేవాళ్ళు. చెవుడున్నవాళ్ళకి వినికిడి యంత్రాలు చేసే ఒక చిన్న కంపెనీలో, యజమానురాలు మొత్తం విని, "మా యంత్రం విన్నది చెవిలోకే పోవాలి, ఇంకెక్కడికీ పోకూడదు. చేయగలరా?" అని అడిగింది. చేయగలనంది. ఇప్పుడు అక్కడ ఇంజినీర్లందరికీ ఆమే పెద్ద. కొత్తగా చేరేవాళ్ళలో, మధ్యలో ఖాళీ ఉన్న ఆడవాళ్ళ కాగితాలు ఆమె ముందుగా చూస్తుందని పేరు పడింది.

పాత హాల్లో వినేవాళ్ళు కొందరు ఈమధ్య పేపరువాళ్ళకి నోరు విప్పారు. గొడవ పెద్దదయ్యాక కంపెనీ దిగొచ్చి, మీ మాటలు మనుషులు వినవచ్చా అని ఇంటింటినీ అడగాల్సివచ్చింది. అడిగినవాళ్ళలో ఎక్కువమంది వద్దన్నారట. ఆ వార్త ఆమె పొద్దున్నే అత్తగారికి చదివి వినిపించింది. అంతమంది అంత తేలిగ్గా వద్దనగలిగారంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఆ ప్రశ్న అడగడానికి ఎవరికీ ఒక్క పూట కూడా పట్టేది కాదు.

అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ విన్నారు.

"బాగానే ఉంది," అన్నారు. "మరి వద్దన్నవాళ్ళవి, ఇదివరకు విన్న మాటలున్నాయే, అవి ఏం చేశారు?"

ఆమె పేపరు మళ్ళీ మొదటినుంచి చదివింది. అందులో ఆ సంగతి లేదు.

"కనుక్కుంటాను, అత్తయ్యా," అంది.

ఆమె ఇప్పటికీ కనుక్కుంటూనే ఉంది.